మన్రో మామయ్య విల్లు

ఫ్రెడరిక్స్‌బర్గ్, ఒహైయో
ఆగస్టు 3

నాన్నా,

ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం లేచి తిరుగుతున్నాం. వాన లేదు. మధ్యాహ్నానికల్లా మొక్కజొన్న ఆకులు చుట్ట చుట్టుకుంటున్నాయి. నిన్నా మొన్నా కూర్చుని ముప్పై రెండు సీసాల పీచ్ పళ్ళు పాకంలో వేశాను. అమ్మ చేసినంత అందంగా రాలేదు, ముక్కలన్నీ పైకి తేలాయి.

నీ అల్లుడు ఏడెన్ సంగతి అడిగావు. పుండు మానింది. కుడి కంటి మీద నల్ల గుడ్డ కట్టుకుంటున్నాడు. ఒక్క కన్నుతో దూరం తెలియదట. కాఫీ వంపుకుంటే కప్పు పక్కన పడుతుంది. "నీ బల్లకి దాహమేసినట్టుందే" అంటాడు. నేను నవ్వను. మెట్లు దిగేటప్పుడు ఆఖరి మెట్టు ఉందో లేదో కాలితో తడుముకుంటాడు. చూడవచ్చినవాళ్ళతో మాత్రం, "గురి చూసేటప్పుడు ఒక కన్ను మూసే శ్రమ తప్పింది నాకు" అని హాస్యాలాడతాడు. వాళ్ళు వెళ్ళాక గోడవైపు తిరిగి పడుకుంటాడు.

మన్రో మామయ్య విళ్ళ కొట్టుకి తను మళ్ళీ పనికి వెళ్ళలేదు. నువ్వు అమ్మి మూడేళ్ళయినా నాకింకా అది "నాన్న కొట్టు" అనే నోట వస్తుంది. రమ్మని ఎవరూ అనలేదు కూడా. సొంత మేనల్లుడే అయినా అనలేదు. మన చుట్టుపక్కల నలభై విళ్ళు ఏడెన్ చేతిమీద సరయినవే. ఇప్పుడు ఒక్కరూ తన దగ్గరికి తేవడం లేదు. కారణం ఇంకో ఉత్తరంలో రాస్తాను.

ఒకటి అడగాలి. మా కొట్టంలోకి ఒక విల్లు వచ్చింది. సాధన ములికి పెట్టి వేస్తే బాణం నడిబొట్టు మీదే పడుతుంది. వేట ములికి పెడితే ఇరవై గజాల్లో జానెడు ఎడమకి పోతుంది. నాకు తెలిసిందే అనుకుంటున్నాను, అయినా నీ నోట వినాలని ఉంది. ఏం చూడాలి, ఏ వరసలో చూడాలి?

అమ్మ మోకాలికి వేడి ఆముదం రాయమను.

నీ సలోమా


మన్‌ఫర్డ్‌విల్, కెంటకీ
ఆగస్టు 11

తల్లీ సలోమా,

నీ ఉత్తరం చదివి మీ అమ్మ ఏప్రన్ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడెన్ మళ్ళీ విల్లు పట్టాడన్నమాట! ఎడమ కంటితో గురి చూసే ఎడమచేతి విల్లు కొనుక్కున్నాడా? ఎవరి దగ్గర కొన్నాడు? నువ్వు ఆ ముక్క రాయకుండా దాచినా నేను పట్టేశాను. ఆదివారం సంఘంలో ఆరుగురికి చెప్పాను. "ఆ కుర్రాడు గట్టివాడు తోబియాస్" అన్నారంతా.

ఇక్కడ బావి నీళ్ళకి సున్నం వాసన పోలేదు. గుర్రం పాత చోటు మరిచిపోలేదు, ఇప్పటికీ రోడ్డెక్కగానే ఉత్తరానికి మొహం తిప్పుతుంది.

సరే, విల్లు సంగతి. నీకు నేను చెప్పేదేముంది? పన్నెండేళ్ళ వయసులో నా కొట్టులో కూర్చుని, కాగితం మీద చిరుగు చూసి, "నాన్నా, బాణం తోక పైకి లేస్తోంది" అని మన సంఘం కాని ఇంగ్లీషు కస్టమర్ల ముందు నా తప్పు పట్టినదానివి. వాళ్ళలో ఒక పెద్దమనిషి, "ఆమిష్ ఆడపిల్లకి ఇవన్నీ ఎందుకు?" అని నవ్వాడు. నువ్వు సిగ్గుపడి బల్ల కింద దూరావు. అడిగావు కాబట్టి వరస చెబుతాను.

మొదట వింటి రెండు కొసల్లోని గిలకలూ ఒకేసారి తిరుగుతున్నాయో లేదో గుర్తులు చూడు. తరవాత నారి మీద బాణం గాడి కూర్చునే చోటు మూలమట్టంతో చూడు. ఆ తరవాత బాణం ఆనే ఆనిక. రెండు గజాల దూరంలో చట్రానికి పాత పత్రిక కాగితం బిగించి, దాని గుండా వెయ్యి. గుండ్రటి చిల్లు, దానికి మూడు ఈకల కోతలు పడితే బాణం తిన్నగా పోతున్నట్టు. చిరుగు పైకి సాగితే గాడి కూర్చునే చోటు కాస్త దించు.

గురి పిన్నుల జోలికి ఆఖర్న వెళ్ళు. ముందు విల్లు, తరవాత గురి. విల్లు వంకరగా ఉండగా పిన్నులు జరిపితే సాధన ములికి నీకు అబద్ధం చెబుతుంది, అన్నీ నడిబొట్టు మీదే పడతాయి. వేట ములికికి రెక్కలుంటాయి, గాలిని పట్టుకుంటుంది. దాని చేత అబద్ధం ఆడించలేవు. అది ఎడమకి పోతుంటే ఆనికని కుడికి జరుపు. గోరు మందం చాలా ఎక్కువ, అందులో సగం చాలు. రెండు ములుకులూ ఒకేచోట దిగేదాకా జరుపుతూ వెయ్యి. అప్పుడు పిన్నులు సర్దు.

ఏడెన్‌తో చెప్పు: మొదటి జింకని కొట్టినప్పుడు దాని వీపు మాంసం ఎండబెట్టి నాకు పంపాలి.

మీ నాన్న


ఫ్రెడరిక్స్‌బర్గ్
ఆగస్టు 20

నాన్నా,

ఈ ఉత్తరం అమ్మకి చదివి వినిపించకు. కొట్టంలో కూర్చుని ఒక్కడివే చదువుకో.

ఆ విల్లు ఏడెన్‌ది కాదు. ఆరుగురితో చెప్పానన్నావు, ఆ ఆరుగురికీ కాదని చెప్పుకో. తప్పు నాదే, ఎవరిదో రాయలేదు. ఆ విల్లు మన్రోది.

జూలై ఆఖర్న ఆయన భార్య ఎల్వా అత్తయ్య దాన్ని బగ్గీలో గుర్రం దుప్పటి కింద దాచి తెచ్చింది. "అమ్మాయ్, మీ మామయ్య చెయ్యి వణుకుతోందే. కొట్టులో ఎన్నిసార్లు తిప్పినా వేట బాణం పక్కకి పోతోంది. నువ్వు చిన్నప్పటినుంచీ మీ నాన్న దగ్గర చేసినదానివి. ఎవరితో అనకు, బాగోదు" అంది. వెనక అడవంచున ఒక మగజింక తిరుగుతోందట, కొమ్ములకి పద్నాలుగు మొనలట. ఈ సీజన్లో దాన్ని కొట్టకపోతే ఆయనకి నిద్ర పట్టదట.

ఇప్పుడు కారణం రాస్తాను.

మే నెలలో ఏడెన్ మన్రో కొట్టులో, విల్లుని వంచిపట్టే ప్రెస్సులో ఒక విల్లు బిగించి నారి మారుస్తుంటే, ప్రెస్సు చీల జారింది. వింటి రెక్క విడిపోయి వచ్చి కంట్లో కొట్టింది. అది నీకు తెలుసు. తెలియనిది ఇది. ఆ చీల అరిగిపోయిందని ఏడెన్ ముందే రెండుసార్లు చెప్పాడు. "మామా, ఇది ఒకరోజు ఎవరినో మింగుతుంది" అన్నాడట. ఆయన, "మీ మామగారు దాంతోనే పనిచేశాడురా. ఆయన చేతికి ఎప్పుడూ జారలేదే! చెయ్యి తిన్నగా ఉంటే చీల తిన్నగానే ఉంటుంది" అన్నాడట.

ఆసుపత్రిలో తొమ్మిదో రోజున మన్రో మన సంఘం డీకన్‌ని వెంటపెట్టుకుని వచ్చాడు. టోపీ చేత్తో పట్టుకుని, "జరిగింది జరిగిపోయింది, ఏడెన్. మనసులో ఏం పెట్టుకోకు" అన్నాడు. మందుల మత్తులో ఉన్న మనిషి "క్షమించాను మామా" అన్నాడు. డీకన్ ప్రార్థన చేశాడు. అయిపోయింది. ఏం క్షమించాడో ఎవరూ అడగలేదు. నేను మంచం పక్కనే ఉన్నాను, నన్నూ అడగలేదు. ఆ తరవాత వారం తిరక్కుండా, "తొందర మనిషి. చీల వేయకుండానే మర తిప్పాడు పాపం" అని సంఘమంతా చెప్పుకొచ్చాడు. క్షమించిన సంగతి మళ్ళీ ఎత్తితే పాపం కదా మనలో. అందుకని ఎవరూ ఎత్తరు. ఏడెన్ కూడా ఎత్తడు. నిర్లక్ష్యం మనిషన్న పేరు మోస్తూ ఆవుల దగ్గర కూర్చుంటున్నాడు.

నాన్నా, నేను నోరు లేనిదాన్నని నీకు తెలుసు. ఎల్వా అత్తయ్య విల్లు బల్ల మీద పెట్టగానే నాకు నోరొచ్చినట్టయింది.

నువ్వు చెప్పిన వరసంతా చేశాను, తలకిందులుగా. ఆనిక అప్పటికే కొంచెం పక్కకుంది. ఇంకో సగం గోరు మందం జరిపాను. అప్పుడు పిన్నులు సర్దాను. మన్రో చేతులు పొట్టి, నావి నీ పోలికలో పొడుగు, నారి లాగే దూరం ఇద్దరికీ ఒకటే అయింది. సాధన ములుకులు మూడు వేస్తే మూడూ నాణెమంత చోట దిగాయి. వాడే వచ్చి చూసుకున్నాడు. గడ్డిమోపు మీద నాలుగు వేసి, "ఔరా పిల్లా! మీ ఆయనకంటే నీ చెయ్యే నయం" అన్నాడు. వేట ములికి పెట్టి చూడలేదు. పాతవి వేసి వేసి మొద్దుబారాయట, కొత్తవాటిని సీజన్ దాకా పెట్టెలోంచి తియ్యడు పిసినారి.

ఆ జింక వచ్చి వాడి ముందు నిలబడాలి. వాడు నారి లాగాలి. బాణం పక్కకి పోవాలి. తన చెయ్యి మీద తనకే నమ్మకం పోవాలి. ఏడెన్‌కి పోయినట్టే పోవాలి. నేను రోజూ పాలు వడగడుతూ అదే ఊహించుకుంటున్నాను. రాత్రి ప్రార్థనలో కూడా అదే వస్తోంది. ఆపుకోవాలని లేదు.

సలోమా


మన్‌ఫర్డ్‌విల్
ఆగస్టు 29

సలోమా,

మూడుసార్లు చదివాను. నీ చేతిరాతేనా అని చూశాను.

ముందుగా, పెద్దవాణ్ణి "వాడు" అని రాశావు. నిన్ను అలా పెంచలేదు. ఏడెన్‌కి జరిగింది అన్యాయమే, అది కాదనను. కానీ నువ్వు చేసిన పని చూడు. బాణం శుభ్రంగా తప్పిపోతుందనుకుంటున్నావా? ఎడమకి జానెడు అంటే ఏమిటో నీకు తెలియదా? జింక అడ్డంగా నిలబడితే ఊపిరితిత్తుల్లో దిగాల్సింది పొట్టలో దిగుతుంది. అది అక్కడ పడదు. పరిగెడుతుంది. చిత్తడిలో పడుకుని మూడు రోజులు చస్తుంది. మన్రో ఒక పూట తిట్టుకుని ఇంటికెళ్ళి బంగాళాదుంపలు తింటాడు. నీ పగ మోసేది ఆ నోరులేని జీవి.

సీజన్ సెప్టెంబరు 26న తెరుస్తారు. ఈలోగా ఏదో ఒకటి చెప్పి ఆ విల్లు వెనక్కి తెప్పించు. సరిచెయ్యి. నీ మనసులో ఏదన్నా ఉంటే వాక్యం చెప్పినట్టు చెయ్యి: నీ సహోదరుడు తప్పు చేస్తే వెళ్ళి అతనొక్కడే ఉన్నప్పుడు మొహం మీద చెప్పు. చాటున ఆనిక జరపకు.

వర్షాలు పడుతున్నాయి. పొగాకు కోత ఆగింది. మీ అమ్మకి దగ్గు కొంచెం నయం.

ఒక మాట. ఆ చీల ఇప్పుడెక్కడుంది? దాని మీద ఆకురాయి గీతలు ఏమైనా ఉన్నాయా? మూడు గీతలు, పక్కపక్కన? ఊరికే అడుగుతున్నాను.

నాన్న


ఫ్రెడరిక్స్‌బర్గ్
సెప్టెంబరు 9

నాన్నా,

నీ మాట విన్నాను. జింక సంగతి నిజం. నా కోపానికి దాని పొట్ట ఎందుకు?

ఆనిక మర సరిగా బిగించానో లేదో అనుమానంగా ఉందని ఎల్వా అత్తయ్యకి కబురంపాను. విల్లు మళ్ళీ దుప్పటి కింద వచ్చింది. గిలకల గుర్తులు సరిగ్గానే ఉన్నాయి కాబట్టి ప్రెస్సుతో పని పడలేదు, లేకుంటే ఆ కొట్టు గడప తొక్కాల్సి వచ్చేది. ఆనిక కుడికి తెచ్చాను. వేట ములుకులు మూడు, సాధన ములుకులు మూడు. వేస్తూ, జరుపుతూ, మళ్ళీ వేస్తూ ఒక మధ్యాహ్నమంతా పట్టింది. ఆఖరికి ఆరూ పిడికిలంత చోట దిగాయి. ఆపైన పిన్నులు సర్దాను. నా చేత్తో ఇంత బాగా కుదిరిన విల్లు ఇంకోటి లేదు. అది వాడిది కావడం చూసి నాకు ఏడుపొచ్చింది.

నువ్వు చెప్పినట్టే మొహం మీద చెప్పడానికి కూడా వెళ్ళాను. చివరికి ఆ గడప తొక్కాను. ఆయన ఒక్కడే ఉన్నాడు, బాణాలకి ఈకలు అంటిస్తున్నాడు. విల్లు బల్ల మీద పెట్టి నిలబడ్డాను.

"ఏమ్మా, ఇంకా ఏమన్నా ఉందా?"

"చీల అరిగిందని ఏడెన్ మీకు చెప్పాడు మామయ్యా. రెండుసార్లు చెప్పాడు."

ఆయన ఈక కిందపెట్టలేదు. "ఎవరు చెప్పారు నీకు?"

"తనే."

"దెబ్బ తగిలాక మనిషికి ఎన్నో గుర్తొస్తాయి. అమ్మాయ్, క్షమాపణ అయిపోయింది. డీకన్ సాక్షి. పూడ్చిపెట్టిన ఎముకని తవ్వేది కుక్కే. నువ్వు మంచి ఇంటిపిల్లవి, ఇంటికెళ్ళి రొట్టె చూసుకో."

వచ్చేశాను. దారిపొడవునా మంచి మంచి జవాబులు తోచాయి.

చీల ఆయన పాత ఇనప సామాను డబ్బాలోనే ఉంది, గుమ్మం పక్కన. వస్తూ వస్తూ తీసి ఏప్రన్ జేబులో వేసుకున్నాను. దొంగతనమంటావేమో. గీతలున్నాయి, మూడు, పక్కపక్కన. నీకెలా తెలుసు?

ఈ నెల 27న ఒప్పుదల కూటం. రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్లకి రెండు వారాల ముందు ప్రతి ఒక్కరినీ అడుగుతారు కదా, అందరితో సమాధానంగా ఉన్నావా అని. ఒక్కరు కాదన్నా బల్ల ఆగిపోతుంది. మే నెలలో ఆసుపత్రిలో నన్ను అడగలేదు. ఇప్పుడు అడగక తప్పదు.

నేను లేదంటాను.

సలోమా


మన్‌ఫర్డ్‌విల్
సెప్టెంబరు 17

తల్లీ,

వద్దు.

బల్ల ఆపడమంటే ఏమనుకుంటున్నావు? ముప్పై కుటుంబాలు. ముసలి మాటీ పెద్దమ్మకి ఇదే ఆఖరి బల్ల కావచ్చు. నా యాభై ఎనిమిదేళ్ళలో ఒక్కసారే చూశాను అలా ఆగడం, రెండు ఇళ్ళవాళ్ళు పదేళ్ళు ఒకరి పెళ్ళికి ఒకరు వెళ్ళలేదు. మొహం మీద చెప్పమన్నాను, చెప్పావు. నీ బాధ్యత తీరింది. మిగతాది ప్రభువుకి వదిలెయ్యి.

మన్రో చెడ్డవాడేం కాదు. గట్టి నోరు, అంతే. కొట్టు కొత్తలో చాలా కష్టపడ్డాడు. ప్రతి మనిషీ ఒక్కోసారి చెప్పాల్సింది చెప్పకుండా వదిలేస్తాడు.

ఏడెన్‌కి నా పనిపెట్టె పంపుతున్నాను. మూలమట్టం, బాణాల త్రాసు, ఈకలు అంటించే బిగింపు, అన్నీ ఉన్నాయి. నాకిక అక్కర్లేదు. తను ఇంటి దగ్గరే పని మొదలుపెట్టవచ్చు. నేను ఇక్కడినుంచి మనకి తెలిసినవాళ్ళందరికీ రాస్తాను, ఏడెన్ దగ్గరికే తీసుకెళ్ళమని.

ఆ చీల దగ్గర పెట్టుకోకు. పారెయ్యి.

ఆపిల్ పళ్ళ గుజ్జు కాచారా? ఈసారి ఇక్కడ ఆపిల్ కాపు లేదు.

నాన్న


ఫ్రెడరిక్స్‌బర్గ్
సెప్టెంబరు 29

నాన్నా,

నీ పెట్టె వచ్చింది. ఏడెన్ మూలమట్టం తీసి చాలాసేపు చేత్తో పట్టుకున్నాడు. నేను నీ ఉత్తరం మళ్ళీ చదివాను. మన్రో కష్టపడ్డాడట, గట్టి నోరు మాత్రమేనట. నీ పాత స్నేహితుడు కదా, నీకు జాలి. నీ అల్లుడి మీద జాలికి ఒక పెట్టె పంపావు. మనసు చల్లబడుతుందనుకున్నావేమో. నా ప్రశ్నకి మాత్రం జవాబు రాయలేదు.

నిజం చెబుతున్నాను, నీ "వద్దు" చూసి ఒక వారం వెనకాడాను. మాటీ పెద్దమ్మ గుర్తొచ్చింది. లేదని చెప్పే ధైర్యం చాలదేమో అని కూడా అనిపించింది.

శనివారం సీజన్ తెరిచారు. తెల్లారి రెండు గంటలు కాలేదు, ఆ పద్నాలుగు మొనలది పడిపోయిందని కబురొచ్చింది. ఒకే బాణం. నలభై అడుగులు కూడా పరిగెత్తలేదట. మధ్యాహ్నం అందరూ వెళ్ళి చూశారు, ఏడెన్‌ని కూడా లాక్కెళ్ళారు. జింక కొట్టం దూలానికి వేలాడుతోంది. ఎవరో అడిగారు, "మన్రో, పోయినేడు నీ బాణాలు పక్కవాడి పొలంలో పడేవి కదయ్యా, విల్లు ఎవరి చేత సరిచేయించావు?" అని.

"ఎవరి చేతేంటి, నా చేతే. తొందరపడకుండా చేస్తే ఎవడి చేతనైనా కుదురుతుంది" అన్నాడు. అంటూ ఏడెన్ వైపు చూశాడు.

ఏడెన్ నవ్వాడు నాన్నా. అందరితో పాటు నవ్వాడు.

మర్నాడు కూటం. ప్రసంగాలయ్యాక మగవాళ్ళ వరసల్లో అడుగుతూ వచ్చారు. ఏడెన్ "ఒప్పుదలే" అన్నాడు, మన్రో "ఒప్పుదలే" అన్నాడు. తరవాత డీకన్ మా ఆడవాళ్ళ బెంచీల వెంట వంగి వంగి వచ్చాడు. ముసలివాళ్ళు మొదలు. అందరూ గొణుగుతున్నారు. నా ముందుకొచ్చి అప్పుడే పక్కమనిషి వైపు కదలబోయాడు, నేను ఎప్పుడూ తల ఊపుతానే గానీ మాట్లాడను కదా.

"లేదు" అన్నాను.

"ఏమ్మా?" అన్నాడు, వినపడక.

"నేను సమాధానంగా లేను. మన్రో మామయ్యతో లేను."

గొంతు పెద్దదే వచ్చింది. ఎవరి ఒళ్ళోనో పాప ఏడుపు ఆపింది. నా పక్కన కూర్చున్నామె గౌను అంచు నా వైపు నుంచి లాక్కుంది.

బల్ల వాయిదా వేశారు. సోమవారం సాయంత్రం బిషప్పు, డీకన్ ఇద్దరూ మా వంటగదికి వచ్చారు. అంతకుముందే మన్రో దగ్గరికి వెళ్ళొచ్చారు. నేను చీల తీసి బల్ల మీద పెట్టాను. బిషప్పు దాన్ని తిప్పి చూసి, "మన్రో చెప్పేది వేరుగా ఉందమ్మా. ఏడెన్ తనకేమీ చెప్పలేదంటున్నాడు. పైగా ఆ ప్రెస్సు మీ నాన్న దగ్గర ఎలా కొన్నాడో అలాగే ఉందట, చీల మార్చాలని మీ నాన్న ఒక్కమాట అనలేదట" అన్నాడు.

ఇప్పుడు మా నాన్న మీద వేస్తున్నాడన్నమాట! నాకు నవ్వొచ్చింది. దొరికాడు అనుకున్నాను.

నాన్నా, ఒక్క ముక్క రాసి పంపు. ప్రెస్సు అమ్మేటప్పుడు చీల మార్చమని మన్రోకి చెప్పే అమ్మానని రాయి. గీతలు గుర్తున్నాయంటే నీకు అంతా గుర్తున్నట్టే. ఆ ముక్క బిషప్పు చేతిలో పెడతాను. సంఘమంతా చూస్తుండగా ఆయన మోకాళ్ళ మీద కూర్చోవాలి, తను చెడగొట్టిన నా మొగుడి పేరు తన నోటితోనే సరిచేయాలి. త్వరగా రాయి.

సలోమా


మన్‌ఫర్డ్‌విల్
అక్టోబరు 5

సలోమా,

నువ్వు అడిగిన ముక్క రాయలేను. రాయగలిగినది రాస్తున్నాను. లావు అక్షరాలతో రాస్తున్నాను, ఏడెన్‌కి కూడా చదవడానికి వీలుగా.

ఆ మూడు గీతలు నేను గీసినవి. అమ్మకానికి ముందు చలికాలంలో చీల ఒకసారి జారబోయింది, చేత్తో ఆపాను. కొత్తది చేయించాలి. కమ్మరి దగ్గరికి వెళ్ళాలంటే ఒక పూట. ఆకురాయితో మూడు గీతలు గీశాను, పట్టు దొరికింది. ఈసారికి చాలు అనుకున్నాను. చాలా ఈసార్లు గడిచాయి.

మన్రో కొనడానికి వచ్చినప్పుడు వెనకాముందు ఆడుతున్నాడు. మీ అమ్మ దగ్గు నీకు గుర్తుంది, ఇంకో చలికాలం ఒహైయోలో ఉంచవద్దన్నాడు డాక్టరు. "ప్రెస్సు బాగుందా తోబియాస్?" అని అడిగాడు. "నా చేతికి ఎప్పుడూ జారలేదు" అన్నాను. అబద్ధం కాదు. జారబోయింది, జారలేదు. ఆ మాటనే ఏడెన్‌కి మన్రో తిప్పి చెప్పాడని నువ్వు ఆగస్టులో రాసినప్పుడు, కొట్టంలో మేత తొట్టి మీద కూర్చుండిపోయాను. చీకటి పడ్డా లేవలేదు. మీ అమ్మ లాంతరు పట్టుకుని వచ్చింది.

ఆ రోజే రాయాల్సింది. నీకు వాక్యాలు రాశాను. పెట్టె పంపాను. నువ్వు అది లంచం అనుకున్నావు. లంచమే, కానీ మన్రో తరఫున కాదు, నా తరఫున. చీల పారెయ్యమని కూడా రాశాను, అది మరీ సిగ్గుచేటు.

మన్రో చెప్పేదాంట్లో నా భాగం నిజం. ఏడెన్ తనకి చెప్పలేదన్నది మాత్రం నేను నమ్మను.

ఇది బిషప్పుకి ఇస్తావో, పొయ్యిలో వేస్తావో నీ చేతిలో ఉంది. నువ్వు పిలిస్తే వచ్చి నిలబడతాను. పిలవకపోతే అడగను.

నాన్న


ఫ్రెడరిక్స్‌బర్గ్
అక్టోబరు 14

తోబియాస్ నాన్నకి,

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. వంటగదిలో నిలబడే చదివాను. పొయ్యి మండుతూనే ఉంది. మూత తీశాను. కాల్చేస్తే మన్రో ఒక్కడే మిగులుతాడు, నేను నెలల తరబడి కోరుకున్నట్టే. వేడికి కాయితం అంచు పసుపెక్కింది.

అప్పుడు ఏడెన్ పాల బిందెతో లోపలికొచ్చాడు. మొహం చూసి, "ఎవరు పోయారు?" అన్నాడు. ఉత్తరం ఇచ్చాను. ఒక్క కన్నుతో నెమ్మదిగా, వేలు పెట్టుకుని చదివాడు. హాస్యమాడతాడని ఎదురుచూశాను. ఆడలేదు.

"ఆసుపత్రిలో నాకేం చెప్పారో తెలుసా నీకు?" అన్నాడు. "నువ్వు చీల వెయ్యడం మరిచిపోయి ఉంటావురా, ఎవరికైనా జరుగుతుంది అన్నాడు మామ. డీకన్‌తో రాకముందు ఒకసారి ఒక్కడే వచ్చాడు, నువ్వు కాఫీకి వెళ్ళినప్పుడు. నేను వేశాననే గుర్తు. కానీ అంత గట్టిగా చెబుతుంటే నాకే అనుమానమొచ్చింది. అయిదు నెలలుగా ఆ చీల వేశానా లేదా అని రోజూ రాత్రి వేసి చూసుకుంటున్నాను. సలోమా, నేను క్షమించింది ఆయన్ని కాదు. నన్ను నేనే క్షమించుకున్నాను."

తరవాత, "ఇటివ్వు. ఇది నా కన్ను. దీని సంగతి ఎవరెవరికి తెలుసో సంఘానికీ తెలియాలి" అన్నాడు. టోపీ పెట్టుకుని తనే డీకన్ ఇంటికి నడిచాడు.

డీకన్ నీ ఉత్తరం మన్రోకి చదివి వినిపించాడట. "చూశారా, నేను చెప్పలేదా!" అని లేచి నిలబడ్డాడట. "మరి కుర్రాడు నీకు రెండుసార్లు చెప్పాడా లేదా, అది తేల్చు" అన్నాడు డీకన్. మన్రో తలుపు వైపు చూస్తున్నాడట. నూడుల్స్ పిండి పిసుకుతున్న ఎల్వా అత్తయ్య చేతులు ఆపకుండానే, "చెప్పాడు. రెండోసారి నేను అక్కడే ఉన్నాను. విల్లు సరిచేసింది కూడా ఆ పిల్లే" అందట. అంతే. ఆమె ఇప్పుడు ఆ ఇంట్లో ఎలా ఉందో నాకు తెలియదు. రేపు రొట్టె తీసుకుని వెళ్ళి చూస్తాను.

బిషప్పు నిన్న వచ్చాడు. "ఇప్పుడు సమాధానమేనా అమ్మా?" అని అడిగాడు. లేదన్నాను. "ఇంకా మన్రోతోనా?" అన్నాడు. "మా నాన్నతో కూడా" అన్నాను. ఆ మాట అనడం మొదటిసారంత కష్టం కాలేదు. దానికే నాకు భయం వేసింది.

కాబట్టి రా. 25వ తేదీన కూటం మళ్ళీ పెడుతున్నారు. అద్దె వ్యాను మాట్లాడుకుని ముందురోజే బయలుదేరు. ఆయన్నీ నిన్నూ ముందు బెంచీ మీద ఒకరి పక్కన ఒకరిని కూర్చోబెడతారట. ఇద్దరూ లేచి చెప్పాలి. "తప్పు జరిగింది" అని చెప్పకు. అలా ఎవరైనా చెబుతారు. చీల జారబోయిందని, గీతలు గీశానని, అడిగితే ఆ మాట అన్నానని, ఆగస్టులో తెలిసి కూడా ఆరు వారాలు ఊరుకున్నానని, అన్నీ వరసగా చెప్పు. గొంతు పెద్దది చేసి చెప్పు, వెనక బెంచీ దాకా వినపడాలి. ఏడెన్ నీకు ఎదురుగా ఉంటాడు. వినేదాకా క్షమించనని తను నాకు మాటిచ్చాడు. విన్నాక క్షమిస్తాడేమో, తను మంచివాడు.

నన్ను అడిగేటప్పుడు నేనేం చెబుతానో నీకు ముందుగా రాయను. నాకు తెలిస్తే కదా.

రాత్రికి మా ఇంట్లో పడుకోవద్దు, డీకన్ ఇంట్లో ఏర్పాటు చేశాను. అమ్మని ఈ చలిలో తీసుకురాకు. ఆమెకి సంగతి నువ్వే చెప్పు, నా ఉత్తరంలో చదివి తెలుసుకోకూడదు.

ఏడెన్ భార్య,
సలోమా